రెండో రోజు లెక్క

ఇంటర్మీడియట్‌లోనూ డిగ్రీలోనూ జీవశాస్త్రం చదివే పిల్లలకు జీవావరణ శాస్త్రం ఎక్కడ, ఎలా నేర్పాలి అన్నది ఈ పూట నా ప్రసంగ విషయం. ఒక పాత సంగతితో మొదలుపెడతాను. 1898లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం నుంచి రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే ఇద్దరు యువ వృక్షశాస్త్రజ్ఞులు ఒక వ్యాసం ప్రచురించారు. తమ ప్రాంతపు పచ్చిక మైదానాలన్నీ తిరిగినవాళ్లు వాళ్లు. ఏ మొక్క ఎక్కువ, ఏది తక్కువ అన్నది చూసి చెప్పగలమనే నమ్మకం వాళ్లకుండేది. తీరా ఐదేసి మీటర్ల చదరాలు కొలిచి గీసి, వాటిలోని మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూస్తే, కంటి అంచనాకూ ఆ లెక్కకూ పొంతన కుదరలేదు. శిక్షణ పొందిన కన్ను కూడా మోసపోతుందని ఆ చదరాలు చూపించాయి. పౌండ్ ఆ తరవాత పూర్తిగా న్యాయశాస్త్రం వైపు మళ్లి హార్వర్డ్ లా స్కూలుకు డీన్ అయ్యాడు. క్లెమెంట్స్ వృక్షశాస్త్రంలోనే ఉండిపోయి జీవావరణ శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడయ్యాడు. వాళ్లు నేల మీద గీసిన చదరం క్వాడ్రాట్ అనే పేరుతో మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది.

క్వాడ్రాట్ అంటే ఏమిటో ఇవాళ పన్నెండో తరగతి విద్యార్థి ఎవరైనా చెప్పగలడు. ఆ పద్ధతిలో మొక్కల సాంద్రత కనుక్కోవడం సీబీఎస్ఈ ప్రాక్టికల్స్‌లో చాలాకాలంగా ఉంది. నిర్వచనం వస్తుంది, సూత్రం వస్తుంది, మార్కులూ వస్తాయి. అయితే ఆ చదరాన్ని ఎక్కడ పెట్టాలి? ఎంత పెద్దది పెట్టాలి? ఎన్ని పెడితే చాలు? సగం లోపల, సగం బయట ఉన్న మొక్కను లెక్కలో వేయాలా, మానాలా? ఈ ప్రశ్నలు నల్లబల్ల ముందు పుట్టవు, నేల మీద పుడతాయి. స్వేచ్ఛగా వదిలేస్తే విద్యార్థి చేయి తనకు తెలియకుండానే పచ్చగా, నిండుగా ఉన్న చోటికే పోతుంది. ముళ్లున్న చోటును, బురద ఉన్న చోటును తప్పించుకుంటుంది. అందుకే యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి, ఆ సంఖ్య చెప్పిన చోటే చదరం పెట్టాలంటారు. ఈ క్రమశిక్షణ ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. 1984లో స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, అప్పటికే పత్రికల్లో అచ్చయిన 176 ప్రయోగాత్మక అధ్యయనాలను పరిశీలించాడు. గణాంక పరీక్షలు వాడిన వాటిలో దాదాపు సగం ఒకే రకం పొరపాటు చేశాయి. ఒకే చోట తీసిన నమూనాలను వేర్వేరు చోట్ల విడివిడిగా తీసినట్టు లెక్కగట్టాయి. డాక్టరేట్లు పొందినవాళ్ల సంగతే ఇలా ఉంటే, పదిహేడేళ్ల పిల్లలకు ఈ విచక్షణ ఒక పేజీ పాఠంతో అబ్బుతుందని ఆశించలేం. ఎలా లెక్కించాలి, నా లెక్క ఎంతవరకు నమ్మదగినది అని తనను తాను నిలదీసుకునే అలవాటే జీవావరణ శాస్త్రంలో అసలు విద్య అని నా అభిప్రాయం. ఆ అలవాటు పడాలంటే విద్యార్థి ఒకే చోట కొన్ని రాత్రులు బస చేసి, నిన్న చేసిన పనిని ఇవాళ దిద్దుకునే అవకాశం పొందాలి. ఒక్క పూట విహారం అందుకు చాలదు.

ఎందుకు చాలదో కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవినే చూసి చెప్పుకుందాం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం 235 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గోదావరి తెచ్చే మంచినీరూ, సముద్రం తోసే ఉప్పునీరూ కలిసే చోటు అది. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న – ఇలా ఒక్కో చెట్టు ఉప్పును, మునకను తట్టుకునే తీరు వేరు. కాలువ అంచు నుంచి లోపలి గట్టు దాకా ఒక తాడు లాగి కట్టి, దాని వెంట కొలిచిన దూరాల్లో చదరం పెడుతూ, ఏ చెట్లు ఎన్ని ఉన్నాయి, బురదలోంచి పైకి లేచిన శ్వాస వేర్లు ఎన్ని, పీత కలుగులు ఎన్ని, నీటిలో ఉప్పెంత అని రాసుకుంటూ పోవడాన్ని ట్రాన్సెక్ట్ అంటారు. పని చెప్పుకోవడానికి తేలికే. కానీ ఆ తాడు రోజుకు రెండు సార్లు నీటిలో మునిగి, రెండు సార్లు తేలుతుంది. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా తగ్గుతుంది. ఉదయం పది గంటలకు బస్సు దిగి సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఎక్కే తరగతికి ఆ అడవి తాలూకు ఒక ముఖమే కనబడుతుంది. పాటు వేళ వచ్చినవాళ్లు బురద చూసి వెళతారు, పోటు వేళ వచ్చినవాళ్లు నీళ్లు చూసి వెళతారు. ఎక్కడ ఎంతసేపు నీరు నిలిచింది అన్న సంగతి మీదనే చెట్ల అమరిక ఆధారపడి ఉంటే, ఆ సంగతి ఒక్క పూటలో తెలియడం ఎలా? చీకటి పడ్డాక లోకమే మారిపోతుంది. కోరింగకు పేరు తెచ్చిన బావురు పిల్లి ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు. తెల్ల గుడ్డ కట్టి దీపం పెడితే వచ్చి వాలే రెక్కపురుగుల లెక్కా రాత్రి పనే.

కొన్ని పద్ధతులైతే రెండో రోజు లేకపోతే అసలు సాధ్యమే కావు. చెట్లలా ఒక చోట నిలబడని జీవులను లెక్కించడానికి, పట్టి, గుర్తు పెట్టి, వదిలి, మళ్లీ పట్టే పద్ధతి ఒకటుంది. మొదటి రోజు ఒక బురద మేటలో 60 నత్తలు ఏరి, చిప్ప మీద చిన్న రంగు చుక్క పెట్టి, తీసిన చోటే వదిలేశారనుకుందాం. అవి మిగతా వాటితో కలవడానికి వ్యవధి ఇచ్చి మర్నాడు మళ్లీ 80 ఏరితే, వాటిలో 12 చుక్కవి దొరికాయి. అరవైని ఎనభైతో హెచ్చవేసి పన్నెండుతో భాగిస్తే ఆ మేటలో సుమారు 400 నత్తలున్నాయని అంచనా. ఇంతవరకు పుస్తకంలోనూ ఉంటుంది. కానీ పక్క జట్టుకు 12 బదులు 8 దొరికాయనుకోండి, అంచనా 600 అవుతుంది. నాలుగు నత్తల తేడాతో రెండు వందల నత్తలు పెరిగిపోయాయి! ఇక్కడే చదువు మొదలవుతుంది. చుక్క చెరిగిపోయిందా? చుక్క ఉన్న నత్తలు కొంగలకు తేలిగ్గా కనబడి ఆహారమైపోయాయా? పోటు వాటిని పక్క మేటకు తోసిందా? రెండో జట్టు చెట్ల మొదళ్ల దగ్గర వెతకలేదా? ఒక్కో అనుమానాన్నీ తీర్చుకోవడానికి ఒక్కో పరీక్ష ఆలోచించాలి, మూడో రోజు దాన్ని చేసి చూడాలి. 400 అన్న అంకె పక్కన దాని అనిశ్చితిని కూడా రాయాలని విద్యార్థికి అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బస చేసి చదవడంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది సాయంత్రం పని. పగలంతా రాసిన పట్టికలను అదే రాత్రి ఒక బల్ల మీద పరిచి, గ్రాఫు గీసి, జట్టుకు జట్టు పోల్చుకుంటారు. ఒక జట్టు మొలకలను చెట్లతో కలిపి లెక్కపెట్టిందని, ఇంకో జట్టు కొలతల్లో అడుగులూ మీటర్లూ కలిసిపోయాయని బయటపడేది అక్కడే. తెల్లవారగానే ఆ తప్పు దిద్దుకునే చోటు నడక దూరంలో ఉంటుంది. ఇదే తప్పు ఇంటికి వచ్చాక, వారం తరవాత రికార్డు రాసేటప్పుడు తెలిస్తే విద్యార్థి ఏం చేస్తాడు? పక్కవాడి రికార్డు చూసి అంకె మారుస్తాడు. అంకెలు ముందే తెలిసిన జవాబుకు సరిపోవాలి అన్న అలవాటు అక్కడే పాతుకుంటుంది. విజ్ఞానశాస్త్రానికి అంతకన్నా చెడ్డ అలవాటు లేదు.

బస చేసి చదవడం మేలన్న మాటకు ఆధారం ఏమిటని అడగవచ్చు. అందరికన్నా ముందు దీన్ని పద్ధతిగా నడిపిన దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. అక్కడ ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ అనే సంస్థ 1943లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, పుట్టింది. దానికి పూనుకున్న ఫ్రాన్సిస్ బట్లర్ పాఠశాలల ఇన్‌స్పెక్టరు. నగరంలో చదివే పిల్లలు ప్రకృతిని చదవడానికి ఉండి చదువుకునే చోట్లు కావాలన్నది ఆయన ఆలోచన. 1946లో ఫ్లాట్‌ఫర్డ్ మిల్‌లో మొదటి కేంద్రం తెరిచారు. ఆ తరవాత వేల్స్ తీరంలో ఒక పాత సైనిక కోటను డేల్ ఫోర్ట్ కేంద్రంగా మార్చారు. విద్యార్థులు ఏటేటా అవే రాళ్ల మీద అవే జీవులను లెక్కించే చోట పరిశోధన కూడా ఎదిగింది. డేల్ ఫోర్ట్‌లో పనిచేసిన బిల్ బాలంటైన్ 1961లో ఒక కొలబద్ద తయారు చేశాడు. అలలు ఎంత బలంగా కొడతాయో యంత్రంతో కొలవకుండానే, రాతిని పట్టుకుని బతికే నత్తలు, బార్నకిల్స్ అనే పెంకు జీవులు, సముద్రపు నాచు ఏ మోతాదులో ఉన్నాయో చూసి తీరాన్ని ఎనిమిది తరగతుల్లో ఏదో ఒకదానిలో చేర్చవచ్చు. విద్యార్థి చేతికి అందే పద్ధతి అది, అదే సమయంలో నిఖార్సైన శాస్త్రం. 1967లో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ కార్న్‌వాల్ దగ్గర రాళ్లకు తగిలి, లక్ష టన్నులకు పైగా ముడి చమురు సముద్రం పాలయింది. అదే ఏడాది ఈ సంస్థ తన ఆరియల్టన్ కేంద్రంలో చమురు కాలుష్య పరిశోధన విభాగం పెట్టింది. 1996లో సీ ఎంప్రెస్ ఓడ నుంచి డేల్ ఫోర్ట్ ఉన్న ఆ తీరం దగ్గరే 72,000 టన్నుల చమురు సముద్రంలో కలిసినప్పుడు, అంతకుముందు అక్కడి రాళ్ల మీద ఏముండేదో చెప్పే దశాబ్దాల లెక్కలు చేతిలో ఉన్నాయి.

ఆ లెక్కల విలువ మనకు తెలియనిది కాదు. 1995 జనవరిలో కోనసీమలో పాసర్లపూడి సహజవాయువు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అలాంటి ఏ ఘటన తరవాతైనా ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, అంతకుముందు ఇక్కడ ఏమేమి ఉండేవి, ఎన్నెన్ని ఉండేవి అనే. జవాబు ముందే రాసిపెట్టి ఉంటే తప్ప దొరకదు.

క్షేత్రపని ఫలితాల మీద ప్రత్యేకంగా జరిగిన అధ్యయనాలూ ఉన్నాయి. 1993 నుంచి 2003 దాకా ఇంగ్లిషులో అచ్చయిన 150 పరిశోధనలను సమీక్షించి, 2004లో బ్రిటన్ పరిశోధకులు ఒక నివేదిక ఇచ్చారు. చక్కగా ఆలోచించి, తగినట్టు ప్రణాళిక వేసి, బాగా బోధించి, తిరిగి వచ్చాక కొనసాగించిన క్షేత్రపని, తరగతి గదిలో నేర్చుకున్నదానికి విలువైన జ్ఞానాన్నీ నైపుణ్యాలనూ కలుపుతుందని వాళ్లు తేల్చారు. ఆ సమీక్షకు మద్దతిచ్చినవాటిలో ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ కూడా ఉందని చెప్పడం న్యాయం. ఆ వాక్యంలో ఉన్న షరతులను కూడా గమనించండి. ఊరికే తీసుకెళ్లి తిప్పి తెస్తే ఫలితం రాదన్నది అందులోనే ఉంది. అయితే ఇంగ్లండ్‌ను ఆదర్శమని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడ మన ఇంటర్మీడియట్ లాంటి ఎ-లెవెల్‌లో భూగోళశాస్త్రం విద్యార్థికి కనీసం నాలుగు రోజుల క్షేత్రపని తప్పనిసరి. జీవశాస్త్రం విద్యార్థికి ఇన్ని రోజులనే నిబంధనే లేదు. జీవం గురించి చదివేవాడికన్నా నేల గురించి చదివేవాడు ఎక్కువ రోజులు బయట ఉండాలనడంలో నాకు తర్కం కనబడదు.

ఇక మన దగ్గర. సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో ఇచ్చిన ఆదేశాల వల్ల పర్యావరణ విద్య పాఠ్యప్రణాళికల్లోకి వచ్చింది. డిగ్రీ విద్యార్థులందరికీ యూజీసీ మొదట తయారు చేసిన ఆరు నెలల పాఠ్యక్రమంలో మొత్తం 50 పీరియడ్లు ఉండేవి. వాటిలో క్షేత్రపనికి కేటాయించింది ఐదు. మార్కుల్లో మాత్రం నూటికి 25 ఉండేవి. పదో వంతు సమయంలో నాలుగో వంతు మార్కులు సంపాదించమంటే, ఏ కాలేజీ అయినా ఏం చేస్తుంది? వ్యాసం చెప్పి రాయిస్తుంది. జాతీయ విద్యావిధానం 2020లో పుస్తకాల సంచి లేని పది రోజులు పెట్టారు, మంచిదే. అవి ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే. పద్ధతి, గణాంకం, అనుమానం అన్నవి అర్థమయ్యే వయసు వచ్చేసరికి ఆ తలుపు మూసేస్తున్నాం.

అభ్యంతరాలున్నాయి, బలమైనవే. నీట్, ఈఏపీసెట్ ర్యాంకుల వేటలో నాలుగు రోజులు ఎక్కడ దొరుకుతాయి అన్నది మొదటిది. జనాభా, ఆవరణ వ్యవస్థ, జీవవైవిధ్యం అన్న అధ్యాయాలు ఆ పరీక్షల పాఠ్యాంశాల్లోనే ఉన్నాయి. వాటికి తరగతి గదిలో పెట్టే సమయంలో కొంత అటు మళ్లించవచ్చు. అయినా ర్యాంకు తగ్గే ప్రమాదం బొత్తిగా లేదని నేను చెప్పను. రెండేళ్లలో నాలుగు రోజులు ఇవ్వలేని చదువు తన ప్రాధాన్యాలను తిరిగి చూసుకోవాలని మాత్రం చెబుతాను.

రెండో అభ్యంతరం భద్రత. దీన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువ డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బలయ్యారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. కానీ ఆ దుర్ఘటన నుంచి ఏం నేర్చుకోవాలి అన్నది వేరే ప్రశ్న. 1993లో ఇంగ్లండ్‌లోని లైమ్ బే సముద్రంలో చిన్న పడవలు నడుపుతూ నలుగురు విద్యార్థులు చనిపోయారు. అక్కడ పిల్లలను బయటికి పంపడం మానలేదు. 1995లో చట్టం చేసి సాహస కార్యక్రమాలు నడిపే కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేశారు. తెలియని చోట్లు వరసగా చుట్టివచ్చే యాత్రకూ, ఒకే చోట బస చేసే శిబిరానికీ తేడా ఉంది. శిబిరంలో గురువులు ముందే వెళ్లి అడుగడుగూ చూసి వస్తారు. పోటుపాట్ల పట్టిక గోడ మీద ఉంటుంది. ఆ కాలువలు ఎరిగిన జాలరి పక్కన ఉంటాడు. ఆడపిల్లలకు విడి బస, తోడుగా అధ్యాపకురాళ్లు, దగ్గరలో ఆసుపత్రి ఉన్నాయా అని చూసుకోవాలి. ఇవి లేకుండా ఏ శిబిరమూ పెట్టకూడదు.

ఖర్చు మాట మూడోది. ఈ విద్యకు కావలసిన పరికరాలు తాడు, టేపు, నోటు పుస్తకం, భూతద్దం, పెన్సిలు. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాక, ఖరీదైన యంత్రాలు లేకుండా భారతదేశంలో చేయదగిన జీవశాస్త్రం ఎంతో ఉందని చెప్పి తన శిష్యులతో చేయించాడు. వాళ్లలో ద్రోణంరాజు కృష్ణారావు కోరింగకు ఎంతో దూరం లేని పిఠాపురంలో పుట్టినవాడు. రంగురంగుల లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుకు ఎన్నిసార్లు వస్తుందో ఓపికగా లెక్కపెట్టాడు. ఆ లెక్క 1960లో నేచర్ పత్రికలో అచ్చయింది. నిజంగా ఖర్చయ్యేది తిండికీ పడకకూ. దానికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక దారి ముందే ఉంది. గురుకుల జూనియర్ కాలేజీలు బస, వంటశాల ఉన్న చోట్లే. నల్లమల వైపు గురుకులం పిల్లలు నాలుగు రోజులు కాకినాడ వైపు గురుకులానికి, అక్కడివాళ్లు నల్లమల వైపుకు వెళితే, కొత్త భవనం ఒక్కటీ కట్టనక్కర్లేదు.

ఫోన్ యాప్‌లు పక్షి కూత విని పేరు చెబుతున్నాయి, ఉపగ్రహాలు అడవిని కొలుస్తున్నాయి కదా అని కొందరంటారు. పేరు చెప్పడం వేరు, ఎన్ని ఉన్నాయో చెప్పడం వేరు. ఉపగ్రహానికి కనబడేది పైకప్పు; దాని కింద మొలకలు లేస్తున్నాయో లేదో నేల మీద నిలబడినవాడే చెప్పాలి. ఉపగ్రహ చిత్రాన్ని సరిచూసేదీ నేల మీది లెక్కే. వందమంది పిల్లలు తొక్కితే మడ అడవి ఏమవుతుంది అన్న ఆందోళన మాత్రం పూర్తిగా సబబు. చిన్న జట్లు, అటవీ శాఖ అనుమతి, నడవడానికి ఒకే దారి, పట్టిన ప్రతి జీవినీ తీసిన చోటే వదలడం అన్నవి పాఠంలో భాగం కావాలి.

ఈ చదువు శాస్త్రవేత్తలకే కాదు, పౌరులకూ కావాలి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఒక పెద్ద ప్రాజెక్టు వస్తోందంటే సాధారణంగా పర్యావరణ ప్రభావ నివేదిక రాయాలి, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. రాసేవాడికీ, చదివి ప్రశ్నించేవాడికీ చదరం ఎక్కడ పెట్టారు, ఎన్ని పెట్టారు, ఏ నెలలో పెట్టారు అని అడగడం రావాలి. విశ్వవిద్యాలయాలకు, ఇంటర్మీడియట్ బోర్డులకు నా విన్నపం ఒకటే. జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ, డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య మూడు రాత్రుల శిబిరం తప్పనిసరి చేయండి. మార్కులు తిరిగి వచ్చాక రాసిన రికార్డుకు కాక, అక్కడికక్కడ రాసిన, కొట్టివేతలతో ఉన్న నోటు పుస్తకానికి ఇవ్వండి. వింటున్న తల్లిదండ్రులకూ ఒక మాట. అలాంటి శిబిరానికి అనుమతి పత్రం ఇంటికి వస్తే, ఎవరు తోడు వెళుతున్నారు, ఆ రోజుల్లో పోటు ఎన్ని గంటలకు, ఆసుపత్రి ఎంత దూరం అని తప్పక అడగండి. జవాబులు సరిగ్గా ఉంటే సంతకం పెట్టి పంపండి.